ఎర్ర రేణువు చెప్పిన సముద్రం కథ

ప్రకృతి నేలను ఎలా మలుస్తుందో ముఖచిత్ర కథనం రాయమని ఎడిటర్ గారు ఇచ్చిన జాబితాలో గండికోట లోయ, బెలుం గుహలు, తిరుమల శిలాతోరణం వరసగా ఉన్నాయి. శుక్రవారానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. జాబితాలో అన్నిటికంటే కింద ఉన్న పేరు విశాఖ-భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. అక్కడి ఇసుకను అరచేతిలో పోసుకుని భూతద్దం పెట్టి చూశాక, మిగతా జాబితాకు ఈ కథనంలో చిన్న పెట్టె మాత్రమే మిగిలింది.

సినిమా పాటలకూ, పెళ్లి ఫొటోలకూ, కార్తీక వనభోజనాలకూ ఈ దిబ్బలు మనకు బాగా తెలుసు. ఎరుపు అందంగా ఉంటుంది, వెనకాల నీలి సముద్రం. కానీ ఈ చోటును అందమైన తెరగా మాత్రమే చూడటం నాకు అన్యాయం అనిపిస్తుంది. ఇక్కడ అసలు చూడాల్సింది కంటికి ఆనీ ఆననంత చిన్నది.

భూతద్దం కింద రేణువుల్లో చాలావరకు దాదాపు ఒకే సైజులో ఉంటాయి. ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే సహజంగా రంగు లేని ఖనిజం. మధ్యమధ్య నల్లటి ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ తునకలు. క్వార్ట్జ్ రేణువుకు ఎరుపు లోపల లేదు, పైపొరకే పరిమితం. ఈ పరిమాణానికీ, ఆ పైపొరకూ కారణాలు వెతికితే కథంతా బయటపడుతుంది.

మొదట పరిమాణం సంగతి. గాలి సన్నని ధూళిని ఎక్కడికో ఎగరేసుకుపోతుంది. గులకరాళ్లను కదపలేదు. ఆ రెంటికీ మధ్యనున్న ఇసుకను మాత్రం నేల మీద గెంతిస్తూ తీసుకెళ్లి, అడ్డు తగిలిన చోట కుప్ప పోస్తుంది. ఏరివేత అక్కడే జరిగిపోతుంది. నీటిలో రెండు రేణువులు ఢీకొంటే మధ్యనున్న నీరు దెబ్బను కొంత ఆపుతుంది. గాలిలో ఆ రక్షణ లేదు కనుక అవి గట్టిగా కొట్టుకుని, అంచులు అరిగి, పైభాగం మసకబారుతుంది.

మరి ఇంత ఇసుక ఎక్కడిది? తీరం వెంట సుమారు 5 కిలోమీటర్లు, వెడల్పు 200 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల దాకా పరుచుకున్న దిబ్బలివి. ఇప్పటి సన్నని బీచ్ నుంచి గాలి ఇంత ఎత్తుకొచ్చిందంటే నమ్మడం కష్టం. జవాబు సముద్రం దగ్గర ఉంది. దాదాపు 20 వేల ఏళ్ల కిందట భూమ్మీది నీరు పెద్ద మొత్తంలో మంచుగా గడ్డకట్టి ఉంది. అప్పుడు సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. బంగాళాఖాతం వెనక్కి తగ్గి, విశాఖ ముందు పదుల కిలోమీటర్ల మేర అడుగునేల ఎండకు బయటపడింది. తూర్పు కనుమల ఖొండలైట్ రాయి శిథిలమై, గెడ్డల (వాగుల) వెంట దిగి వచ్చి సముద్రంలో చేరిన ఇసుక అది. గాలి దాన్ని తిరిగి కొండల వైపు తోసింది. మంచు కరిగి సముద్రం మళ్లీ ముందుకొచ్చేసరికి దిబ్బలు ఒడ్డున నిలిచిపోయాయి. అడుగు పొరల్లో వాగుల పని కూడా ఉంది. ఎక్కడ గాలి వాటా ఎంత, నీటి వాటా ఎంత అన్నదానిపై భూవిజ్ఞానుల్లో వాదన నడుస్తూనే ఉంది.

ఇక ఎరుపు. ఇసుకలో కలిసొచ్చిన గార్నెట్ వంటి ఖనిజాల్లో ఇనుము ఉంటుంది. ఉష్ణమండలపు ఎండా వానా వంతులవారీగా తగిలితే, వానలో వదిలేసిన మేకు తుప్పు పట్టినట్టే, ఆ ఇనుము ఆక్సీకరణ చెంది హెమటైట్‌గా మారి క్వార్ట్జ్ రేణువులకు పూతలా అంటుకుంటుంది. అది అక్కడికి చేరాక పట్టిన రంగు. అందుకే పొరపొరకూ తేడా. పైన లేత పసుపు, దాని కింద ఇటుక ఎరుపు, తర్వాత ఎరుపు కలిసిన గోధుమ, అడుగున పసుపు.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసిన విషయం ఇంకొకటి ఉంది. ఇసుకరేణువు తాను చివరిసారి ఎండను ఎప్పుడు చూసిందో చెప్పగలదు. మట్టిలో కూరుకుపోయిన రేణువులోకి చుట్టుపక్కల ఉండే సహజ రేడియోధార్మికత వల్ల శక్తి కొద్దికొద్దిగా చేరుతుంది. ఎండ తగిలితే అదంతా ఖాళీ అయిపోతుంది. కనుక శాస్త్రవేత్తలు వెలుతురు చొరని గొట్టాన్ని దిబ్బ గోడలోకి దిగ్గొట్టి నమూనా తీస్తారు. చీకటి గదిలో ఆ రేణువుల మీద నిర్ణీత కాంతి వేస్తే, దాచుకున్న శక్తి అతి సన్నని మెరుపుగా బయటికొస్తుంది. ఆ మెరుపును కొలిచి, మట్టిలోని రేడియోధార్మికత మోతాదుతో పోల్చి, రేణువు ఎన్నేళ్ల కిందట పూడిపోయిందో లెక్క కడతారు. దిబ్బను తవ్వి తిరగేస్తే ఆ లెక్క తుడిచిపెట్టుకుపోతుంది.

గాలి పోసిన దిబ్బను ఇప్పుడు వాన చెక్కుతోంది. ఇనుప పూత, బంకమట్టి కలిసి ఇసుకను కొంత పట్టి ఉంచడం వల్ల గోడలు నిట్టనిలువుగా నిలబడతాయి. కానీ అది రాయి కాదు. జడివాన పడితే నీరు పల్లం వెతుక్కుంటూ గాళ్లు తీస్తుంది. ప్రతి గాడి తల భాగం విరిగి వెనక్కి జరుగుతూ పోతుంది. చిన్న గాళ్లు కలిసి పెద్ద లోయలవుతాయి. కొన్నిచోట్ల గోడలు 30 మీటర్ల దాకా లేస్తాయి.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. ఎల్లందు దగ్గర సింగరేణి బొగ్గును గుర్తించిన విలియం కింగే 1886లో ఈ ఎర్ర ఇసుకనూ నమోదు చేశారు. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో ఈ దిబ్బలను భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి.

పెట్టెలో: జాబితాలో మిగిలినవి

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన అతి ప్రాచీన గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ నేరుగా కూర్చున్న గీత కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల మధ్య విరామం సుమారు 80 కోట్ల ఏళ్లు. పైన శిలాతోరణం వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. నీరూ గాలీ అరగదీసిన క్వార్ట్‌జైట్ అది. గండికోటలో పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయింది. బెలుంలో భూగర్భ జలం సున్నపురాయిని కరిగించి 3 కిలోమీటర్లకు పైగా దారి చేసింది. ఎర్రమట్టి దిబ్బలకు దగ్గరి చుట్టాలు తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో ఉన్నాయి.

ఇప్పుడు చేయాల్సింది

2024 జులైలో దిబ్బలను ఆనుకుని యంత్రాలతో నేల చదును చేస్తున్నారన్న వార్త విశాఖను కలవరపెట్టింది. అధికారులు పనులు ఆపించారు. వాన ఎలాగూ కోస్తోంది కదా, మనం కాస్త తవ్వితే ఏమవుతుంది అని అడిగేవారున్నారు. వాన కోత ఈ దిబ్బల రూపంలో భాగం. బుల్డోజరు ఆ పొరలనే చెరిపేస్తుంది. పోయిన దిబ్బను తిరిగి పోయాలంటే సముద్రం మళ్లీ 120 మీటర్లు తగ్గాలి.

రక్షణ గీత ఎర్ర మట్టి కనిపించేంత వరకే గీస్తే చాలదు. వాన నీటిని దిబ్బల్లోకి తెచ్చే ఎగువ నేలా, గెడ్డల దారులూ అందులో ఉండాలి. ఎగువన లేఅవుట్ వేసి నీటి దారి మళ్లిస్తే, కింద కోత తీరే మారిపోతుంది. యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరడం మొదటి మెట్టు మాత్రమే. అసలు హోదా రావాలంటే ఈ గీత ముందు కావాలి. ప్రభుత్వం దాన్ని ఇప్పుడే గీయాలి.

మీరు ఆ దారిన వెళితే దిబ్బల అంచులెక్కి కిందికి జారకండి, గోడల మీద పేర్లు చెక్కకండి. పిల్లల చేతికి ఒక భూతద్దం ఇవ్వండి. చూసిన ఇసుకను అక్కడే వదిలేసి రండి.