పశువుల, కోళ్ల రక్తకణాల గుర్తింపులో ఫ్లో సైటోమెట్రీ: ప్రతిరక్షకం ఎంపిక

జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ పరిసరాలలోని పెద్ద ఆసుపత్రులకు రక్త క్యాన్సర్ అనుమానంతో వచ్చే రోగి విషయంలో సూక్ష్మదర్శిని పరీక్షతో పని ముగియదు. వ్యాధికణాలు బి జాతివా, టి జాతివా, మైలాయిడ్ జాతివా అన్నది తేలిన తరువాతనే చికిత్స నిర్ణయమవుతుంది. కంటికి ఒకే విధంగా కనిపించే ఈ కణాలను వాటి ఉపరితల ప్రోటీన్లు వేరుచేస్తాయి. స్థూలంగా సీడీ19 బి కణానికి, సీడీ3 టి కణానికి, సీడీ33 మైలాయిడ్ కణానికి గుర్తు.

ఈ గుర్తులను పట్టి చూపేవి ప్రతిదీప్త మోనోక్లోనల్ ప్రతిరక్షకాలు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ రూపొందించిన హైబ్రిడోమా పద్ధతిలో ఒకే కణసంతతి నుండి లభించే ప్రతిరక్షకం ప్రతిజనకంలోని ఒకే భాగానికి అంటుకొంటుంది. దానికి ప్రతిదీప్తినిచ్చే రంగును జతచేస్తారు. కణాలు ద్రవధారలో ఒకదాని వెంట ఒకటిగా 488 నానోమీటర్ల నీలి లేజరును దాటునప్పుడు ఎఫ్‌ఐటీసీ అనే రంగు సుమారు 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని, ఎర్ర శైవలాల నుండి తీసిన ఫైకోఎరిత్రిన్ సుమారు 575 నానోమీటర్ల పసుపు-నారింజ కాంతిని వెలువరిస్తాయి. స్టూడియో దీపానికి రంగు కాగితం అడ్డుపెట్టినట్లే ఇక్కడ డిటెక్టర్ల ముందు ఫిల్టర్లు ఉంటాయి. అయినా ఒక రంగు కొంత పక్క డిటెక్టరులోకి పొర్లుతుంది. ఒక్కొక్క రంగును విడిగా పూసిన నమూనాలతో ఆ పొర్లును కొలిచి తీసివేయాలి.

పశువైద్య పరిశోధనకు ఇదే పరికరం చాలును గాని, అదే ప్రతిరక్షకం చాలదు. మానవ ప్రోటీనుకై తయారైన క్లోన్లలో అధికభాగం పశుకణాలను గుర్తించవు. మానవ సీడీ14కు చెందిన టూక్4 క్లోన్ పశువుల మోనోసైట్లకు కూడా అంటుకొంటుంది, కాని అటువంటివి తక్కువ. అంటని ప్రతిరక్షకం ఇచ్చిన శూన్యాన్ని కణాలే లేవని చదివినచో టీకా ప్రయోగ ఫలితమే తారుమారవుతుంది. లేగదూడలలో అధికంగా ఉండే గామా-డెల్టా టి కణాలకు డబ్ల్యూసీ1 ముఖ్యమైన గుర్తు. మానవ రక్తపరీక్షకు కూర్చిన ప్రతిరక్షకాల సముదాయంలో దానికి చోటే లేదు.

కోళ్లతో చిక్కు మరొకటి. మానవ రక్తంలోని ఎర్రకణాలను అమ్మోనియం క్లోరైడ్‌తో పగులగొట్టి తొలగించవచ్చు. కోడి ఎర్రకణంలో కేంద్రకం ఉన్నందున కణం పగిలినా కేంద్రకం మిగిలి లెక్కను చెడగొడుతుంది. థ్రాంబోసైట్లు సైతం కేంద్రకంతో, లింఫోసైట్లకు దగ్గరి పరిమాణంలో ఉంటాయి. కాబట్టి రక్తాన్ని పగులగొట్టక, పలుచన చేసి, కోడి సీడీ45 ప్రతిరక్షకంతో తెల్లకణాలను వేరుచేయుట మేలు. గంబోరో వైరస్ బర్సాలోని బి కణాలను నాశనం చేస్తుంది. ఆ నష్టాన్ని బీయూ-1 ప్రతిరక్షకంతో లెక్కించవచ్చు. బి కణానికి ఆ అక్షరం వచ్చినది కోడి బర్సా నుండే.

మృతకణాలు ఏ ప్రతిరక్షకాన్నైనా అంటించుకొంటాయి. 7-ఏఏడీ వంటి రంగుతో వాటిని ముందే తొలగించి లెక్కించాలి. కొత్త క్లోన్‌ను ఆ జాతిలో తప్పక అంటుకొనే కణాలపై పరీక్షించనిదే క్షేత్రనమూనాలపై వాడరాదు. ఫైకోఎరిత్రిన్ జతచేసిన ప్రతిరక్షకాన్ని గడ్డకట్టించక 2-8 డిగ్రీల సెల్సియస్ వద్ద, వెలుతురు సోకకుండా ఉంచాలి.