ఉమ్మడిసొత్తునకు కావలి యెవరిది?

2024వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన లినక్సు పరిరక్షకుల పట్టికనుండి పండ్రెండుగురికి దగ్గఱగ పేళ్లు తొలగింపబడినవి. వారిలో మిక్కిలిమంది రష్యనులు. తొలగించిన గ్రెగ్ క్రోహార్ట్‌మనుగారు కారణమును రెండు ముక్కలలో ముగించిరి: వివిధ నిబంధనల ననుసరింపవలసి వచ్చినదట, తగిన పత్రములు చూపినచో వారు మరల రావచ్చునట. ఆ నిబంధనలు ఎవరు విధించినవో, ఆ పత్రము లెట్టివో అందు లేదు. తొలగింపబడినవారిలో నొకరు, తాము చాలకాలము స్వచ్ఛందముగ పనిచేసినవారు, కారణ మడిగిరి. ఆంక్షలు కలవు, మమ్ము క్షమింపుడు, మా చేతిలో లేదు, మీ కంపెనీ వకీలుతో మాటలాడుడు అను ధోరణి సమాధానమే తమకు దొరకినదని వారు వీడ్కోలు లేఖలో వ్రాసికొనిరి.

లినక్సు అననేమో యెఱుగని పాఠకులు సైతము దానిని దినదినము వాడుచునే యున్నారు. ఆండ్రాయిడు టెలిఫోను లోపల పనిచేయునది అదియే. 2017 నవంబరు మొదలు లోకములోని 500 మహాకంప్యూటరులన్నియు దానిమీదనే నడచుచున్నవి. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు మొదలుపెట్టిన యీ కృషికి దేశదేశములవారు చేయి కలిపిరి. దాని మూలపాఠము, అనగా సోర్సుకోడు, దాపరికము లేక యందఱకు లభించును. ఎవ్వరైన చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరుల కీయవచ్చును. అయితే మార్చి యితరుల కిచ్చినపుడు ఆ మార్పుయొక్క మూలమునుగూడ ఈయవలెను. రిచర్డు స్టాల్మనుగారు 1989లో ప్రకటించిన జీపీయెల్ లైసెన్సుయొక్క సారమిది. ఓపెన్ సోర్సు అను పేరునకు 1998లో నిర్వచనము వ్రాసినవారు ఇంకొక యడుగు ముందునకు వేసిరి. ఏ మనుష్యునిపట్ల గాని, ఏ సమూహముపట్ల గాని భేదము పాటించు లైసెన్సు ఓపెన్ సోర్సు కానేరదనిరి. ఎగుమతి చట్టములు కలవని లైసెన్సు హెచ్చరింపవచ్చును గాని ఆ నిషేధములను తనలో చేర్చుకొనరాదని గూడ స్పష్టముగ చెప్పిరి.

అట్లయిన ఆ రష్యను లెట్లు వెలియైరి? ఇచ్చట మన పాఠకులు గుర్తింపవలసిన భేద మొకటి కలదు. ఊరచెరువు నుపమానముగ తీసికొందము. ఆయకట్టుదారులందఱు కుడిమరామత్తు చేసి కట్ట నిలిపినారు. నీరు పాఱుటకు అందఱకు హక్కు కలదు. కాని తూము తెఱచి మూయువాడు నీరుగంటి. ఆ పదవి యుండుటయు ఊడుటయు వేఱొకరి యిష్టము. లినక్సును వాడుకొను హక్కును రష్యనులనుండి యెవ్వరును తీసివేయలేదు, తీసివేయజాలరు. పోయినది తూముదగ్గఱ నిలుచు హక్కు. లోకమునలుమూలలనుండి వచ్చు సవరణలను పరీక్షించి, మంచిచెడ్డలు నిర్ణయించి పైకి పంపువాడే పరిరక్షకుడు. అతని సమ్మతి లేనిదే చేసినవాని సవరణ మూలములో చేరుట కష్టము.

ఆరు దినముల తరువాత, 24వ తేదీన, జేమ్స్ బాటమ్లీగారు చెప్పవలసిన మాట చెప్పిరి. అమెరికా ట్రెజరీశాఖవారి ఆంక్షలపట్టికలో నుండు కంపెనీలలో గాని, అట్టివారి స్వాధీనములోని కంపెనీలలో గాని పనిచేయువారు పరిరక్షకులపట్టికలో నుండరాదని న్యాయవాదుల సలహాయట. జాతినిబట్టి కాదు, ఉద్యోగమునుబట్టి యన్నమాట. ఈ మాట మొదటి దినముననే యేల చెప్పలేదో మాకు బోధపడలేదు. టోర్వాల్డ్సుగారు మాత్రము, తాము ఫిన్లండువారమనియు, రష్యావారి దురాక్రమణను తాము సమర్థింతురని యెట్లనుకొంటిరనియు కోపముతో బదులుచెప్పిరి. 1939లో సోవియట్టుసేనల దండయాత్ర నెదుర్కొనిన జాతి బాధ యెట్టిదో దాస్యము ననుభవించిన మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉక్రెయినుమీది యుద్ధమును మేము మెచ్చము. కాని ఒక పనివానిని పనినుండి తొలగించునపుడు అతని దేశము చేసిన పాపమును వినిపించుట సమాధానము కానేరదు.

పరిరక్షకమండలివారి కష్టమునుగూడ తూచవలెను. లినక్సు ఫౌండేషను అమెరికాసంస్థ. టోర్వాల్డ్సుగారు 2010లో అమెరికాపౌరులైరి. అచ్చటి ఆంక్షలచట్టము, తెలియక చేసితినన్నను సివిలు జరిమానా వేయగల చట్టము. ఇంకను విచిత్ర మేమన, బహిరంగముగ ప్రకటింపబడిన సోర్సుకోడును అమెరికా ఎగుమతి నిబంధనలు చాలవరకు విడిచిపెట్టుచున్నవి. పుస్తకము సరిహద్దు దాటవచ్చును. పట్టికలో చేరినవానితో కూర్చుండి ఆ పుస్తకమును దిద్దుటయే అపాయకరము. 2025 జనవరిలో ఫౌండేషనువారు ప్రకటించిన మార్గదర్శిని గూడ అట్టివారితో ఇచ్చిపుచ్చుకొను సంభాషణమే చిక్కులకు మూలమని హెచ్చరించినది. సంభాషణమే లేనిచో సవరణ లెట్లు చక్కబడునో ఆ చట్టము వ్రాసినవా రాలోచించినట్లు లేదు.

ఇది నిన్న పుట్టిన వ్యాధి కాదు. ఫిల్ జిమ్మర్మనుగారు 1991లో రహస్యలేఖలకొఱకు పీజీపీ యను సాఫ్టువేరును లోకమున కిచ్చిరి. అట్టి గుప్తలిపిని అమెరికాచట్టము నాడు యుద్ధసామగ్రిలో లెక్కించుచుండెను. 1993 మొదలు 1996 వఱకు ఆయనపై నేరవిచారణ నడచి, అభియోగము లేకయే ముగిసినది. ఈలోపల 1995లో ఆ మూలపాఠమునంతయు ఎమ్.ఐ.టి. ముద్రణాలయమువారు పుస్తకముగ నచ్చువేసిరి! కంప్యూటరులో నున్నంతకాలము ఆయుధమైనది కాగితముమీద కెక్కగానే వాక్స్వాతంత్ర్యపు రక్షణ కోరగలదాయెను. ఓపెన్‌బీయెస్‌డీవారు ఆ నిబంధనలకు దూరముగ కెనడాలోని కాల్గరీనుండి తమ పని సాగించిరి. 2000లో ఆ కట్టుబాట్లు సడలినవి. మరల 2019 జూలైలో, మైక్రోసాఫ్టుకు చెందిన గిట్‌హబ్ ఇరాను, సిరియా, క్రిమియా వాసుల ఖాతాలను కొంతవఱకు బంధించెను. ఇరానువారికి సేవలందించుటకు 2021 జనవరిలోగాని ట్రెజరీశాఖ అనుమతి దొరకలేదు.

ఈ గొడవ రష్యనులది, ఇరానీయులది, మనకేల యనువారికి వాడినారు సంగతి చాలును. గుజరాతులోని ఆ నూనెశుద్ధి కర్మాగారములో రష్యావారికి వాటా కలదని 2025 జూలైలో ఐరోపాసంఘము ఆంక్షలు విధించెను. కొలది దినములలోనే మైక్రోసాఫ్టు నయారా కంపెనీవారి ఉత్తరప్రత్యుత్తరముల సేవలను నిలిపివేసెను. కంపెనీవారు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కిన పిమ్మట సేవలు తిరిగివచ్చెను. భారతభూమిపై, భారతచట్టము ననుసరించి నడచు వ్యాపార మది. మూలపాఠము తనచేత లేనివాని గతి యిట్టిది; ఉన్నవాడు కనీసము తన యంత్రమును తాను నడుపుకొనగలడు.

భారతప్రభుత్వము 2015లోనే ఓపెన్ సోర్సును అవలంబించు విధానమును ప్రకటించెను. సీ-డాక్‌వారి బాస్ లినక్సు అంతకుముందే కలదు. రిస్క్-ఫైవ్ అను ప్రాసెసరువిద్యను కాపాడు సంస్థ ఇట్టి భయముచేతనే 2020లో అమెరికా విడిచి స్విట్జర్లాండునకు చేరెను, మదరాసు ఐ.ఐ.టి.వారి శక్తి ప్రాసెసరులు ఆ విద్యమీదనే కట్టబడినవి. ఇవి సంతోషింపదగినవే. కాని తెచ్చుకొనుట వేఱు, కావలికాయుట వేఱు. హైదరాబాదు, బెంగుళూరులలో వేలకొలది మన యువకులు పరుల కంపెనీలకొఱకు లినక్సు దిద్దుచున్నారు. వారిలో కొందఱికైన జీతమిచ్చి, నీ పని లినక్సును చూచుకొనుటయే యని పదియేండ్లు నిలుపగల విశ్వవిద్యాలయములు, సర్కారుశాఖలు కావలెను. ప్రతి ముఖ్యమూలపాఠమునకు మన గడ్డమీద నిత్యము నవీకరింపబడు ప్రతి యుండవలెను. మన ప్రతినిధులు అంతర్జాతీయసభలలో ఈ ఫౌండేషనుల నడుగవలసిన ప్రశ్నయు నొకటి కలదు: ఒక పరిరక్షకుని తొలగింపవలసి వచ్చినపుడు ముందుగ నోటీసు, కారణము, బదులు చెప్పుకొను అవకాశము ఏ నియమముక్రింద నిత్తురు? 2024 అక్టోబరులో ఆ మూడును ఆ రష్యనునకు దొరకలేదు.