వరి కోత దాకా ఆగితే వెల్లుల్లి గడ్డ ఊరదు

పచ్చడికైనా, పోపుకైనా, బాలింత పథ్యానికైనా వెల్లుల్లి ఉండాల్సిందే. తెలంగాణలో ఎల్లిగడ్డ, రాయలసీమలో తెల్లగడ్డ అంటారు. పేరు ఏదైనా సన్నకారు రైతు ఇంట్లో కూడా ఇది కొనే సరుకే. 2024లో కిలో ధర 400 రూపాయలు దాటినప్పుడు చాలా ఇళ్లలో రెబ్బలు లెక్కపెట్టి వాడుకున్నారు. పెరట్లోనో బావి దగ్గరో ఒక సెంటు స్థలం, కాస్త నీటి వసతి ఉంటే ఈ ఖర్చు తప్పించుకోవచ్చు. కొందరు ఒకసారి వేసి చూసి, గోళీకాయంత గడ్డలు వచ్చాయని విసిగి మానేశారు. అలాంటి చోట్ల చాలాసార్లు అదను తప్పి నాటడమే అసలు కారణం.

నాటే అదను

మన మైదాన ప్రాంతాల్లో అక్టోబరు 15 నుంచి నవంబరు 15 లోపు నాటడం మేలు. కార్తెల లెక్కన చిత్త చివర, స్వాతి, విశాఖ కార్తెలు. తెలంగాణలో వానలు వెనక్కి తగ్గగానే అక్టోబరులోనే నాటుకోవచ్చు. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి గనుక ఎత్తు మళ్లు చేసి, తెరపి చూసుకుని నవంబరులో నాటాలి.

వెల్లుల్లి మొక్క చలి రోజుల్లో ఆకులు వేస్తుంది. సంక్రాంతి దాటాక పగటి పొద్దు పెరిగి, వేడి ఎక్కువయ్యేసరికి కొత్త ఆకులు ఆగి గడ్డ ఊరడం మొదలవుతుంది. అప్పటికి మొక్కకు ఎన్ని ఆకులుంటే గడ్డకు అంత బలం. చాలామంది వరి కోశాక చూద్దాంలే అని ఆగి, డిసెంబరు చివర్లో నాటుతారు. ఆ మొక్క నాలుగైదు ఆకులు వేసేలోపే వేడి వచ్చేస్తుంది. గడ్డ చిన్నదవుతుంది. ఒక్కోసారి రెబ్బలుగా విడకుండా ఒంటి రెబ్బగానే ఉండిపోతుంది. అందుకే వరి మడి ఖాళీ అయ్యేదాకా చూడకుండా, పెరట్లో చిన్న జాగా ముందే సిద్ధం చేసుకోవాలి.

తొందరపడి సెప్టెంబరులో నాటినా నష్టమే. వానలకు రెబ్బలు భూమిలోనే కుళ్లుతాయి. కోస్తాలో చలి తక్కువ గనుక అదనులో నాటినా గడ్డ కొంచెం చిన్నదే వస్తుంది. అక్కడ ఆలస్యం అసలే పనికిరాదు.

విత్తనం ఎంపిక

గడ్డ పెద్దగా ఉందని కొండ ప్రాంతాల వెల్లుల్లి తెచ్చి నాటకండి. అగ్రిఫౌండ్ పార్వతి వంటి కొండ రకాలకు ఎక్కువ పగటి పొద్దు కావాలి. మన దగ్గర అవి ఆకు వేస్తాయి గానీ గడ్డ సరిగా ఊరదు. మైదానాలకు యమునా సఫేద్, అగ్రిఫౌండ్ వైట్, భీమా పర్పుల్ వంటి రకాలు గానీ, మీ ఊళ్లో బాగా వచ్చే నాటు రకం గానీ తీసుకోవాలి.

సెంటుకు 2 నుంచి 2.5 కిలోల విత్తనం చాలు. గడ్డలను ముందుగా విడదీసి ఉంచకూడదు. నాటే రోజునే రెబ్బలు విడదీసి, బయటి వరుసలోని లావు రెబ్బలను మాత్రమే నాటాలి. మధ్యలోని సన్న రెబ్బలు వంటింటికి వాడుకోవచ్చు.

నాటే పద్ధతి

నీరు నిలవని నేల కావాలి. సెంటుకు 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, ఒకటిన్నర కిలోల సూపర్ ఫాస్ఫేట్, 400 గ్రాముల పొటాష్ వేసి మట్టిలో కలపాలి. వరుసల మధ్య 15 సెంటీమీటర్లు, రెబ్బల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచి, మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున గుచ్చాలి. వెంటనే ఒక తడి, మూడో రోజు మరో తడి ఇవ్వాలి. తర్వాత నేలను బట్టి 8-10 రోజులకోసారి సరిపోతుంది.

సెంటుకు మొత్తం 900 గ్రాముల యూరియాను మూడు సమాన భాగాలు చేసి నాటేటప్పుడు, 30, 45 రోజులకు వేయాలి. రెండు నెలలు దాటాక యూరియా వేయకూడదు. వేస్తే గడ్డ ఊరే సమయంలో రెబ్బలు మళ్లీ మొలకెత్తుతాయి, గడ్డ నిల్వ ఉండదు. వేర్లు పైపైనే ఉంటాయి గనుక కలుపు చేత్తోనే తీయాలి, లోతుగా తవ్వకూడదు.

తామర పురుగులు రసం పీల్చితే ఆకుల మీద తెల్లని చారలు పడతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి చల్లాలి. ఆకులపై ఊదా రంగు మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ కలిపి పిచికారీ చేయాలి.

తవ్వకం, నిల్వ

రకాన్ని బట్టి 120 నుంచి 140 రోజులకు, ఫిబ్రవరి చివర నుంచి మార్చి నెలలో పంట వస్తుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగి వాలుతుంటే తయారైనట్లే. తవ్వడానికి రెండు వారాల ముందు నీరు ఆపాలి. తవ్విన గడ్డలను ఎండలో పోయకుండా, ఆకులతోనే నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, జడలుగా అల్లి గాలి తగిలే చోట వేలాడదీయాలి.

సాగు చక్కగా కుదిరితే సెంటుకు 20 కిలోల దాకా వస్తుంది. నెలకు అరకిలో వాడే ఇంటికి ఏడాదికి ఆరు కిలోలు చాలు. మిగిలిన వాటిలో అన్నిటికన్నా లావుగా, గట్టిగా ఉన్న గడ్డలు మూడు కిలోలు ఏరి ముందే విత్తనానికి విడిగా కట్టి పెట్టుకోండి. అక్టోబరులో విత్తనం ధర ఎంతున్నా బజారుకు పోవాల్సిన పని ఉండదు, అదనూ తప్పదు.