మధుమేహము – దృష్టిపటల వ్యాధి

ముద్ఖేడు నుండి ఆదిలాబాదు పోవు రైలుదారిలోని హిమాయత్‌నగర్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండెను. నేడు మహారాష్ట్రలోని నాందేడు జిల్లాలో తాలూకా కేంద్రము. ఇచ్చటి తెలుగువారికి మధుమేహమును, కంటిని గూర్చిన ప్రామాణికమైన లెక్కలు కొన్ని పొరుగుననే కలవు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1996–2000 నడుమ జరిపిన పరిశీలనలో ఆ నగరముతో పాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల గ్రామములును చేరినవి. పరీక్షింపబడినవారు 10,293 మంది.

ఇందలి నగర భాగపు ఫలితములు 1999లో ప్రకటితమైనవి. ముప్పది యేండ్లు దాటి, తమకు మధుమేహము కలదని చెప్పినవారు 124 మంది. వారిలో 28 మందికి, అనగా నూటికి సుమారు 23 మందికి, దృష్టిపటలము చెడియుండెను. అయితే వారిలో అత్యధికులది తొలి లేక నడిమి దశయే. ఈ లెక్క చూచి భయపడువారు కలరు. నాకు మాత్ర మిందు ఆశయే కనబడుచున్నది.

రక్తములో చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో దృష్టిపటలపు సూక్ష్మ రక్తనాళముల గోడలు బలహీనమై, ఉబ్బి, కారును, కొన్ని పూడిపోవును. ప్రాణవాయువు చాలని పటలము క్రొత్త నాళములను మొలపించును. అవి మిక్కిలి పెళుసు. చిట్లినచో కంటిలోపల రక్తము నిండును. అంతవరకు నొప్పి లేదు, ఎరుపు లేదు. “పత్రిక చదువగలుగుచున్నాను గదా” యను ధీమాయే పెక్కుమందిని మోసగించుచున్నది.

వ్యాధి ఎన్ని యేండ్లుగా నున్నదనునది అన్నిటికన్న ముఖ్యమైన కారణము. హైదరాబాదులోను పదునైదేండ్లు గడచినవారికే అపాయము హెచ్చుగా కనబడెను. కాని రెండవ రకపు మధుమేహము బయటపడిన నాడే పుట్టినది కాదు. అంతకు కొన్నేండ్ల ముందే గుప్తముగా నుండవచ్చును. కనుక తొలి కంటిపరీక్ష వ్యాధి తెలిసిన వెంటనే జరుగవలెను, పిదప ఏటేట.

రక్తపు పోటుకును కంటికిని గల సంబంధమును మనవారు తగినంతగా గుర్తింపలేదు. బ్రిటనులో 1998లో ప్రకటితమైన పరిశోధనలో పోటును గట్టిగా అదుపులో నుంచినవారిలో పటలవ్యాధి ముదురుట సుమారు మూడవవంతు తగ్గెను. మూత్రపిండముల వ్యాధి, రక్తములో క్రొవ్వు హెచ్చుట, గర్భధారణము కూడ గమనింపదగినవి.

లేజరు కిరణములు, కంటిలోనికిచ్చు సూదిమందులు వ్యాధి ముదురుటను ఆపగలవు. పోయిన చూపును పూర్తిగా మరలించుట అరుదు. అక్షరముల పలక చదివించి కళ్లజోడు నిచ్చుట ఈ పరీక్ష కానేరదు. చుక్కలమందుతో కనుపాపను విప్పి లోపలి పటలమును చూడవలెను. ఆ మందు వేసిన పిమ్మట కొన్ని గంటలు చూపు మసకగా నుండి, ఎండ కంటికి సహింపదు. పరీక్షకు పోవువారు తోడుగా నొకరిని వెంటబెట్టుకొని పోవుట మేలు.