అప్‌డేట్ చేశాక వైఫై మాయమైందా? డ్రైవర్ ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

రాత్రి పదిన్నరకి శామీర్‌పేట నుంచి పిన్ని కొడుకు ఫోన్. "అన్నా, అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టా, వైఫై సింబలే పోయింది. పొద్దున్నే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంది. మళ్లీ ఓఎస్ వేసెయ్యనా?"

నేనుండేది మేడ్చల్‌లో. "ఏం ఫార్మాట్ చేయకురా, నేను చెప్పింది టైప్ చెయ్" అన్నా. అది నేనే వేసిచ్చిన డెబియన్ 12.

ముందు అసలు జరిగేదేంటో చూద్దాం. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ ప్రతి పీసీఐ కార్డు నుంచి వెండర్ ఐడీ, డివైస్ ఐడీ చదువుతుంది. ఆ నంబర్లు ఏ డ్రైవర్ లిస్టులో ఉంటే ఆ మాడ్యూల్ లోడ్ అయి కార్డుకి అటాచ్ అవుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా వైఫై ఉండదు.

'ఎల్ఎస్‌పీసీఐ' కమాండ్‌ని 'కే' ఆప్షన్‌తో కొట్టించా. కార్డు పేరు వచ్చింది, 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' లైన్ మాత్రం లేదు. అంటే కార్డు కనిపిస్తోంది, డ్రైవరే ఎక్కలేదు. కార్డు పేరే రాకపోతే బయోస్ సెట్టింగ్స్, హార్డ్‌వేర్ చూసుకోవాలి.

తర్వాత 'మోడ్‌ప్రోబ్'తో డ్రైవర్‌ని మనమే ఎక్కించి చూడాలి. వచ్చే ఎర్రరే అసలు క్లూ:

- 'మాడ్యూల్ నాట్ ఫౌండ్': ఈ కెర్నెల్‌కి డ్రైవర్ బిల్డ్ కాలేదు.
- 'కీ వాజ్ రిజెక్టెడ్': సెక్యూర్ బూట్ ఆ మాడ్యూల్ సంతకాన్ని నమ్మట్లేదు. కీ ఎన్‌రోల్ చేయాలి.
- బూట్ లాగ్‌లో ఫర్మ్‌వేర్ పేరు పక్కన 'ఎర్రర్ మైనస్ 2': ఆ ఫైల్ లేదు, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేయాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ అఫీషియల్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది.

మావాడికి వచ్చింది మొదటిది. తప్పు నాదే. ఆ డ్రైవర్ కెర్నెల్‌లో లేకపోతే డీకేఎంఎస్‌తో బయట నుంచి వేశా. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా డీకేఎంఎస్ దాన్ని మళ్లీ బిల్డ్ చేస్తుంది, కానీ ఆ కెర్నెల్ హెడర్స్ ఉండాలి. నేనేమో ఆ రోజున్న వెర్షన్ హెడర్స్ మాత్రమే వేసి ఊరుకున్నా.

ఆ రాత్రి రిపేర్ జోలికి పోలేదు. గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోమన్నా. వైఫై వచ్చేసింది, పొద్దున్న టెస్ట్ రాశాడు. సాయంత్రం 'లినక్స్-హెడర్స్-ఏఎండీ64' ప్యాకేజీ వేయించా. ఇదుంటే కెర్నెల్ అప్‌డేట్‌తో పాటు హెడర్స్ కూడా వస్తాయి.

పాత కెర్నెల్ తీసేసి ఉంటే? ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ మామూలుగా కెర్నెల్‌తోనే వస్తుంది కాబట్టి నెట్ వస్తుంది, మిగతావి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఇంకొక్కటి. టెస్ట్ ముందురోజు రాత్రి మాత్రం అప్‌డేట్ నొక్కకండి.