ప్రభుత్వ సేవా ఒప్పందాలు (భారతదేశం)

ప్రభుత్వ సేవా ఒప్పందం అనగా ప్రభుత్వ కార్యాలయాలు తమకు అవసరమైన సేవలను బయటి సంస్థలనుండి నిర్ణీత కాలానికి, నిర్ణీత ధరకు పొందుటకు చేసుకొనే ఒప్పందం. కార్యాలయాల శుభ్రత, కాపలా, అద్దె వాహనాలు, కంప్యూటర్ల నిర్వహణ, ఇంజనీరింగు సలహాలు ఇందుకు ఉదాహరణలు. వస్తువునైతే తీసుకొనేముందే పరీక్షించవచ్చును. సేవ మాత్రం సంతకాలు అయిన తరువాతనే మొదలవుతుంది. కనుక గుత్తేదారు ఎంపిక ఎంత ముఖ్యమో, ఆ తరువాతి పర్యవేక్షణ కూడా అంతే ముఖ్యము.

చట్టపరమైన ఆధారం

రాజ్యాంగంలోని 299వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఒప్పందాలు రాష్ట్రపతి పేరున, రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందాలు గవర్నరు పేరున జరుగుతాయి. అయితే వాటికి వారు వ్యక్తిగతంగా బాధ్యులు కారు. కేంద్ర ప్రభుత్వ శాఖలకు సాధారణ ఆర్థిక నియమావళి వర్తిస్తుంది. 1947లో తొలిసారి వెలువడిన ఈ నియమావళిని 1963, 2005, 2017 సంవత్సరాలలో సవరించారు. ఇది సేవలను రెండు రకాలుగా విభజిస్తుంది. మేధోపరమైనవి సలహా సేవలు (కన్సల్టెన్సీ). శుభ్రత, కాపలా వంటివి ఇతర సేవలు. వీటినే పొరుగు సేవలు అని కూడా అంటారు.

ఎంపిక విధానం

ముందుగా శాఖ తన అవసరాన్ని, పని పరిధిని, అంచనా వ్యయాన్ని నిర్ణయిస్తుంది. తరువాత టెండరు ప్రకటన వెలువడుతుంది. బిడ్డు వేసేవారు సాధారణంగా అంచనా విలువలో 2 నుండి 5 శాతం వరకు ధరావతు చెల్లించాలి. 2016 ఆగష్టులో ప్రారంభమైన గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్ (జెమ్) ద్వారా కూడా అనేక సేవలను కొనుగోలు చేస్తున్నారు.

ఇతర సేవలలో సాధారణంగా అర్హులైనవారిలో అతి తక్కువ ధర కోరినవారికి పని దక్కుతుంది. వీరిని ఎల్-1 అంటారు. సలహా సేవలలో నాణ్యతకు కూడా మార్కులు ఉండవచ్చును. ఉదాహరణకు నాణ్యతకు 70, ధరకు 30 శాతం ప్రాధాన్యం ఇచ్చారనుకొందాం. మొదటి సంస్థకు నాణ్యతలో 90 మార్కులు, ధర 12 లక్షలు. రెండవదానికి 75 మార్కులు, ధర 9 లక్షలు. తక్కువ ధరకు 100 మార్కులు ఇస్తే 12 లక్షలకు 75 వస్తాయి. మొత్తం మీద మొదటి సంస్థకు 85.5, రెండవదానికి 82.5 మార్కులు. ధర ఎక్కువైనా మొదటి సంస్థే ఎంపికవుతుంది.

ఒప్పంద నిర్వహణ

ఎంపికైన సంస్థ పనితీరుకు హామీగా బ్యాంకు గ్యారంటీ వంటిది సమర్పించాలి. సేవ ఏ స్థాయిలో ఉండాలో ఒప్పందంలోనే వ్రాసుకొంటారు. శాఖ అధికారి హాజరు పట్టికలను, పని నివేదికలను పరిశీలించి బిల్లును ధ్రువీకరిస్తాడు. లోపాలుంటే జరిమానాను బిల్లులో తగ్గిస్తారు. తీవ్రమైన ఉల్లంఘన జరిగితే ఒప్పందాన్ని రద్దు చేయవచ్చును. "శుభ్రంగా ఉంచవలెను" అని మాత్రమే వ్రాసిన ఒప్పందంలో జరిమానా విధించడం కష్టం. రోజుకు ఎన్నిసార్లు, ఎంతమందితో చేయాలో వ్రాసినపుడే లోపాన్ని నిరూపించవచ్చును.

కార్మికుల వేతనాలు

పొరుగు సేవలలో ఖర్చు ఎక్కువగా వేతనాలే. కనీస వేతనం చట్టం నిర్ణయించినది కనుక పోటీ అంతా గుత్తేదారు సేవా రుసుముపైనే జరుగుతుంది. రుసుము లేకుండానే పనిచేస్తామనే బిడ్లు రావడంతో, అట్టివాటిని పరిగణించరాదని 2014లో కేంద్ర ఆర్థిక శాఖ ఆదేశించింది. లాభం లేని గుత్తేదారు వేతనంలోనో, భవిష్యనిధిలోనో కోత పెట్టే ప్రమాదం ఉంటుంది. గుత్తేదారు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని, అనగా పని చేయించుకొన్న శాఖ, చెల్లించి అతనినుండి రాబట్టుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని ఈ నియమం, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో కూడా కొనసాగింది.

ఆంధ్రప్రదేశ్‌లో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఎలక్ట్రానిక్ టెండర్ల విధానాన్ని ప్రవేశపెట్టింది. మధ్యవర్తి ఏజన్సీలు లేకుండా పొరుగు సేవల సిబ్బందిని సమకూర్చుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక కార్పొరేషన్ (ఆప్కాస్) 2020 జులైలో ప్రారంభమైంది.