కాకిని బోల్తా కొట్టించే గుడ్డు

వినాయకుడి బొమ్మ చేయగా మిగిలిన ఒండ్రుమట్టి ముద్ద అరుగు మీద ఎండిపోతూ ఉంటుంది. ఈసారి దాన్ని పారేయకండి. చిన్న నిమ్మకాయంత తీసుకుని అరచేతుల మధ్య దొర్లించండి. ఒక కొసను కాస్త సన్నం చేస్తే కాకిగుడ్డు ఆకారం వచ్చేస్తుంది. చిక్కల్లా ఆ తర్వాతే. దానికి ఏ రంగు వేయాలి?

గూడు ఎక్కడుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. కోనసీమలో పంటకాలువ గట్టుకు పిడికిలంత బొరియ కనిపిస్తే అది లకుముకి పిట్టది కావచ్చు. లోపల చీకటి. అందులోని గుడ్లు తళతళలాడే తెలుపు, దాదాపు గోళీలంత గుండ్రం. పొడవు సుమారు 29 మి.మీ. ఉంటే వెడల్పు 26 మి.మీ. ఉంటుంది. తాటాకుల చివర వేలాడే గిజిగాడి గూట్లోనూ రేగిపండంతటి తెల్లని గుడ్లే ఉంటాయి. తొర్రలో చిలకా అంతే, గుడ్లగూబా అంతే. శత్రువు కన్ను పడని చోట దాచుకునే రంగుతో పనేముంది?

తీతువు పిట్ట సంగతి వేరు. లంక పొలాల్లో, బీడు నేలలో గుంట లాంటి చోట నాలుగు గుడ్లు పెట్టేస్తుంది. కప్పు లేదు, గోడ లేదు. అందుకే ఆ గుడ్లు మట్టిరంగు మీద నల్లని మచ్చలతో మట్టిగడ్డల్లో కలిసిపోతాయి. నాలుగింటి సన్నని కొసలూ లోపలికి తిరిగి పూరేకుల్లా సర్దుకుంటాయి. అలా ఉంటే తల్లి పొట్ట కింద నాలుగూ ఇమిడిపోతాయి.

ఈ లెక్క గోరింక దగ్గర తప్పుతుంది. అదీ తొర్రలోనో ఇంటిచూరులోనో పెట్టేదే, అయినా దాని గుడ్లు మెరిసే నీలి రంగు. ఎందుకన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది.

ఇన్ని రంగులకూ మూలం ప్రధానంగా రెండే వర్ణకాలు. నీలి, ఆకుపచ్చ ఛాయలు బిలివర్డిన్‌వి. ఇటుకరంగు, గోధుమరంగు మచ్చలు ప్రోటోపార్ఫిరిన్‌వి. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థంతో ఈ రెంటికీ చుట్టరికం ఉంది. మీ పళ్లెంలో కూడా నీలి ఆకుపచ్చ ఒకటి, ఇటుక గోధుమ ఒకటి చాలు. తెలుపు ఎలాగూ గుడ్డు పెంకుదే.

ఆ తెలుపు మన దగ్గరే ఉంది. మట్టిగుడ్డును నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే బీటలు వారుతుంది. ఆరితే కాస్త చిక్కుతుంది కాబట్టి మొదట్లోనే కొలతకన్నా కొంచెం పెద్దది చేసుకోవాలి. ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, పలుచని గుల్లసున్నం పూయించండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి, తడి సున్నం కంట్లో పడితే ప్రమాదం. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. కోడిగుడ్డు పెంకులో నూటికి 95 వంతులు అదే పదార్థం. కోడి కడుపులో ఆ పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది. మన గుడ్డుకు రెండు మూడు రోజులు పడుతుంది, అంతే తేడా.

సున్నం ఆరాక గుడ్డుకు దాని అసలు రంగు పూయండి. చుక్కల కోసం పాత టూత్‌బ్రష్‌ను గోధుమరంగులో ముంచి, కుచ్చును బొటనవేలితో వెనక్కి లాగి వదలండి. వెడల్పు కొస వైపు ఎక్కువ చిందించండి, చాలా గుడ్లకు మచ్చలు అక్కడే గుమిగూడతాయి. నిజమైన గుడ్డును దగ్గరగా చూస్తే కొన్ని మచ్చలు బూడిదరంగులో మసకగా ఉంటాయి. అవి పెంకు కడుతుండగానే పడి, పై పొర కింద మునిగిపోయినవి. మనమూ అలాగే చేద్దాం. మొదట కొన్ని చుక్కలు వేసి, ఆరాక అసలు రంగునే నీళ్లలా పలుచగా పైన పూసి, మళ్లీ కొత్త చుక్కలు వేయండి. గుడ్డుకు ఒక్కసారిగా లోతు వస్తుంది.

ఇక కోకిల. అది కాకి గూట్లో గుడ్డు పెడుతుందని అందరికీ తెలిసిందే. కాకిగుడ్డు లేత నీలి ఆకుపచ్చ మీద గోధుమ చుక్కలతో సుమారు 37 మి.మీ. పొడవుంటుంది. కోకిలది అదే పోలికతో, కాస్త బూడిద తిరిగి, 31 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. దాని పిల్ల కాకిపిల్లలకన్నా ముందే గుడ్డులోంచి బయటపడుతుంది. ఇంగ్లండ్‌లో కకూ పక్షిదీ ఇదే ఎత్తు. 1980లలో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు నిక్ డేవిస్, మైకేల్ బ్రూక్ రెసిన్‌తో గుడ్లు పోసి, రంగులేసి పిట్టల గూళ్లలో పెట్టి చూశారు. రెల్లు దుబ్బుల్లో గూడు కట్టే పిట్ట తన గుడ్డును పోలని వాటిని ఎక్కువగా బయటికి తోసేసింది. డన్నక్ అనే మరో పిట్ట మాత్రం ఏ రంగుదైనా తనదే అనుకుని పొదిగింది. మనం అరుగు మీద చేసేదీ వాళ్లు చేసిన పనే.

మన గుడ్లను మాత్రం పిట్టల గూళ్లలో పెట్టకూడదు. చట్టం రక్షించే పక్షుల గుడ్లు పాడుచేసినా, గూళ్లు కదిపినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని వేటగానే లెక్కిస్తుంది. కొబ్బరిపీచుతో గూడు కట్టి, నాలుగు కాకిగుడ్ల మధ్య ఒక కోకిల గుడ్డు పెట్టి, పట్టుకోమని నాయనమ్మను అడగండి. ఆమె రెల్లు దుబ్బుల పిట్ట అవుతుందో డన్నక్ అవుతుందో తేలిపోతుంది. తీతువు గుడ్డును పెరట్లో మట్టిగడ్డల మధ్య పెట్టి పది అడుగులు వెనక్కి నడవండి. తిరిగొచ్చి ఎక్కడ పెట్టామా అని మీరే వెతుక్కుంటే, రంగు కుదిరినట్టే.